ప్యాచ్ వేసినా రీబూట్ చేయకపోతే నడిచేది పాత కెర్నలే

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ ఆఫీసు లైనక్స్ సర్వర్లు ఏడాదికి పైగా ఆగకుండా నడుస్తున్నాయి. యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రామైన కెర్నల్‌కు అప్‌డేట్ ప్యాకేజీలు ఎప్పటికప్పుడు వేస్తున్నారు గానీ రీబూట్‌కు పైవాళ్లు ఒప్పుకోవడం లేదు. భద్రతను పరీక్షించే స్కానర్ మాత్రం వందల లోపాలు చూపిస్తోంది. నడుస్తున్న కెర్నల్‌ను ఆపకుండానే సరిచేసే లైవ్ ప్యాచింగ్ పెట్టుకుంటే రీబూట్ అవసరం తప్పుతుందా, అప్లికేషన్లన్నీ కంటైనర్లలోనే, అంటే ఒకే యంత్రం మీద విడివిడి పెట్టెల్లాంటి వాటిలోనే, ఉన్నాయి కాబట్టి నిశ్చింతగా ఉండవచ్చా అని అడిగారు.

ముందు అసలు విషయం చెబుతాను. కెర్నల్ ప్యాకేజీ వేస్తే కొత్త ఫైల్ డిస్కు మీదకు వస్తుంది, అంతే. మెమరీలో నడుస్తున్నది మాత్రం ఏడాది కిందట బూట్ అయిన పాత కెర్నలే. వెబ్ సర్వర్‌నో డేటాబేస్‌నో అప్‌డేట్ చేసినప్పుడు ఆ సేవను ఒకసారి ఆపి మొదలుపెడితే సరిపోతుంది. కెర్నల్‌కు అలా కుదరదు, యంత్రమంతా దాని మీదే నిలబడి ఉంటుంది కదా. కాబట్టి మీ స్కానర్ చూపుతున్న వాటిలో చాలావరకు నిజంగానే తెరిచి ఉన్న తలుపులు.

సరిచూసుకోవడం తేలిక. యూనేమ్ కమాండ్‌ను -ఆర్ జోడించి నడపండి. అది చెప్పే వెర్షన్‌ను బూట్ డైరెక్టరీలో ఉన్న అన్నిటికన్నా కొత్త కెర్నల్‌తో పోల్చండి. రెండూ ఒకటి కాకపోతే మీరు వేసిన అప్‌డేట్ ఇంకా పనిలోకి దిగలేదన్నమాట. రెడ్ హ్యాట్ కుటుంబంలో నీడ్స్-రీస్టార్టింగ్ కమాండ్‌కు -ఆర్ జోడిస్తే రీబూట్ అవసరమా కాదా అన్నది సూటిగా చెబుతుంది. ఉబుంటులో వర్ డైరెక్టరీలోని రన్ కింద రీబూట్-రిక్వయర్డ్ అనే ఫైల్ కనిపిస్తే అదే సంకేతం.

నేను చాలా ఏళ్లుగా ఒక ఇంజనీరింగ్ కళాశాలలో సర్వర్లు చూసుకుంటున్నాను. వందల మంది విద్యార్థులు ఒకే యంత్రంలోకి లాగిన్ అయి ప్రోగ్రాములు రాసుకుంటారు. ‘లోకల్ లోపమే కదా, బయటివాడు ఏమీ చేయలేడు’ అనే సమాధానం అక్కడ చెల్లదు, లోపల ఉన్నవాళ్లే వందల మంది. నిజానికి మీ దగ్గరా అది చెల్లదు. వెబ్ అప్లికేషన్‌లో ఒక చిన్న రంధ్రం దొరికితే దాడి చేసేవాడు సాధారణ యూజర్‌గా లోపలికి వస్తాడు. అక్కడి నుంచి రూట్, అంటే సర్వాధికారాలున్న యూజర్, కావడానికి అతనికి మెట్టు కెర్నల్ లోపమే.

పైవాళ్లకు వివరించడానికి నేను ఎప్పుడూ ఎత్తుకునే ఉదాహరణ డర్టీ పైప్ అనే కెర్నల్ లోపం, లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్యల్లో అది సీవీఈ-2022-0847. దాన్ని కనిపెట్టిన మాక్స్ కెల్లర్‌మన్ వెతుకుతున్నది భద్రతా లోపం కాదు. వెబ్ హోస్టింగ్ వినియోగదారులు దించుకునే లాగ్ ఫైళ్లు కొన్ని విప్పుతుంటే పాడైపోయి ఉన్నాయని 2021లో ఫిర్యాదు వచ్చింది. రోజువారీ లాగ్‌లు విడివిడిగా జీజిప్‌లో కుదించి ఉంటాయి. నెల మొత్తం అడిగితే సర్వర్ వాటిని వరుసగా పేర్చి ఒక జిప్‌గా పంపుతుంది. పాడైన ఫైళ్లలో చెడిపోయినవి చివరి ఎనిమిది బైట్లు మాత్రమే. అక్కడ సరిచూసే సంఖ్య, నిడివి ఉండాలి. వాటి స్థానంలో జిప్ ఫైల్ చివర రావలసిన పట్టికలోని మొదటి ఎనిమిది బైట్లు ఉన్నాయి. అవి ఎక్కువగా నెల చివరి రోజు ఫైళ్లు. పంపుతున్న ప్రోగ్రాముకు ఆ ఫైళ్లలో రాసే అనుమతే లేదు. మరి రాసిందెవరు? పట్టు విడవకుండా తవ్వగా తవ్వగా 2022 ఫిబ్రవరిలో తేలింది, రాసింది కెర్నలే.

లోపల జరిగింది ఇది. ఒక ఫైల్‌ను స్ప్లైస్ అనే కెర్నల్ సదుపాయం ద్వారా పైప్‌లోకి, అంటే ప్రోగ్రాముల మధ్య డేటా నడిచే గొట్టంలోకి, పంపితే కెర్నల్ దాన్ని నకలు తీయదు. డిస్కు ఫైళ్లను మెమరీలో ఉంచుకునే పేజీ క్యాష్‌లోని అసలు పేజీనే పైప్ చేతిలో పెడుతుంది. పైప్‌లోని ప్రతి అరకూ కొన్ని జెండాలు ఉంటాయి. వాటిలో ఒకటి ‘ఈ అరలో ఇంకా చోటుంది, తరువాత రాసేదాన్ని ఇందులోనే కలపవచ్చు’ అని చెబుతుంది. కొత్త పేజీని అరలో పెట్టేటప్పుడు ఈ జెండాలను సున్నా చేయాలి, చేయలేదు. పాత జెండా అలాగే మిగిలిపోతే, తరువాత పైప్‌లోకి రాసినదంతా నేరుగా పేజీ క్యాష్‌లోని ఆ ఫైల్ మీద పడుతుంది. చదివే అనుమతి ఒక్కటి ఉంటే చాలు, పాస్‌వర్డ్ ఫైల్‌నైనా మార్చవచ్చు. డిస్కు మీద ఏమీ మారకపోవచ్చు కూడా, తరువాత వెతికేవాళ్లకు జాడ దొరకదు.

జెండాలను సున్నా చేయకుండా వదిలేసిన ఆ కోడ్ 2016లో వచ్చిన 4.9 కెర్నల్ నుంచి ఉంది. అప్పట్లో దానివల్ల హాని లేదు. 2020లో 5.8 వెర్షన్‌లో పైప్ కోడ్‌ను చక్కబెట్టినప్పుడు అది ప్రమాదకరమైంది. సరిదిద్దిన ప్యాచ్ చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. రెండు ఫంక్షన్లలో ఒక్కొక్క వరుస, జెండాలకు సున్నా ఇవ్వడం, అంతే.

తేదీలు గమనించండి. కెల్లర్‌మన్ ఫిబ్రవరి 20న కెర్నల్ భద్రతా బృందానికి తెలియజేశారు. 23న 5.16.11, 5.15.25, 5.10.102 సవరణతో విడుదలయ్యాయి. మార్చి 7న వివరాలతో పాటు దాడి ఎలా చేయాలో చూపే కోడ్ కూడా అందరి ముందుకూ వచ్చింది. అంటే మీ చేతిలో ఉన్న వ్యవధి రెండు వారాల లోపే. పైగా కెర్నల్ ప్యాచ్‌లన్నీ బహిరంగం. ఆ రెండు వరుసలు చూసి దాని వెనుక ఏముందో ఊహించగలవాళ్లు మార్చి 7 వరకు ఆగవలసిన పని లేదు. ఏడాదికి ఒక్కసారి రీబూట్ అయ్యే సర్వర్ ఆ లెక్కన ఎన్నాళ్లు తెరిచి ఉంటుందో మీ పైవాళ్లే లెక్క వేసుకోవచ్చు.

విండోస్ కథ వేరు అనుకునేవాళ్లు ఉంటే 2017 గుర్తు చేయండి. కెర్నల్‌లో నడిచే ఫైల్ షేరింగ్ డ్రైవర్‌లోని లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. మే 12న వానాక్రై విరుచుకుపడింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లకూ అది సోకింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే, మందు దాదాపు రెండు నెలల ముందే వచ్చి ఉంది.

ఇక మీ స్కానర్ ఇచ్చిన కొండవీటి చాంతాడంత జాబితా. అందులో రెండు రకాల గందరగోళం కలిసి ఉంది. మొదటిది వెర్షన్ సంఖ్య. రెడ్ హ్యాట్ 8వ వెర్షన్‌లో కెర్నల్ చివరిదాకా 4.18.0 అనే చూపిస్తుంది. కొత్త కెర్నళ్లలో వచ్చిన సవరణలను వాళ్లు ఆ పాత కెర్నల్‌కే తెచ్చి అతికిస్తారు. అసలు సమాచారం హైఫన్ తరువాత వచ్చే సంఖ్యలో ఉంటుంది. 4.18ను చూసి బెంబేలెత్తే స్కానర్ కన్నా, ఆర్‌పీఎం అనే ప్యాకేజీ సాధనంలో ఆ ప్యాకేజీ మార్పుల చిట్టాను తెరిచి సీవీఈ సంఖ్య వెతకడం నమ్మదగిన పద్ధతి.

రెండోది, 2024 ఫిబ్రవరి నుంచి లైనక్స్ కెర్నల్ బృందమే సీవీఈ సంఖ్యలు కేటాయిస్తోంది. భద్రతతో సంబంధం ఉండే అవకాశం ఉన్న ప్రతి సవరణకూ సంఖ్య ఇస్తున్నారు కాబట్టి జాబితా ఒక్కసారిగా పెరిగిపోయింది. మీ యంత్రంలో లేని డ్రైవర్ల లోపాలూ అందులో ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ తీసుకుని ‘ఇది మనకు వర్తిస్తుందా’ అని కమిటీ వేసి చర్చించే సంస్థలను చూశాను. ఆ చర్చ ముగిసేలోపు ఇంకో యాభై వస్తాయి. ఏరుకోకుండా స్థిర విడుదలను మొత్తంగా తీసుకోండి అని కెర్నల్ స్థిర విడుదలలను నిర్వహించే గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఏళ్ల తరబడి చెబుతున్నారు, నా అనుభవమూ అదే. అయితే ఏది ఆదివారం దాకా ఆగవచ్చు, ఏది ఈ రాత్రికే కావాలి అని తేల్చుకోవడానికి అమెరికా ప్రభుత్వ సంస్థ సిసా నిర్వహించే జాబితా పనికొస్తుంది. నిజంగా దాడుల్లో వాడుతున్నారని తేలినవే అందులోకి ఎక్కుతాయి. డర్టీ పైప్ అందులో ఉంది.

లైవ్ ప్యాచింగ్ మంచి సాధనం, నేను వాడతాను. లోపమున్న ఫంక్షన్ మొదట్లోనే దారి మళ్లించి, సరిచేసిన ఫంక్షన్‌కు పంపడం దాని కిటుకు. రెడ్ హ్యాట్ కేప్యాచ్, సూసే కేగ్రాఫ్ట్ ఆలోచనలను కలిపి 2015లో 4.0 కెర్నల్‌లోనే దీనికి పునాది వేశారు. డర్టీ పైప్ లాంటి రెండు వరుసల సవరణకు ఇది చక్కగా సరిపోతుంది. కానీ కెర్నల్ లోపలి డేటా నిర్మాణాలే మారవలసి వస్తే చేతులెత్తేస్తుంది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ బయటపడినప్పుడు కెర్నల్, యూజర్ పేజీ పట్టికలను విడదీయవలసి వచ్చింది. నడుస్తున్న యంత్రంలో అలాంటి మార్పు చేయడం చాలా కష్టం, మాలో చాలామందిమి రీబూట్ చేశాం. పైగా లైవ్ ప్యాచ్‌లు ఒక్కో కెర్నల్‌కు కొంతకాలమే వస్తాయి. దాన్ని రీబూట్‌ను అనుకూలమైన రోజుకు జరుపుకోవడానికి వాడుకోండి, రద్దు చేసుకోవడానికి కాదు.

మీ పైవాళ్ల భయం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది ఊరికే పుట్టిన భయం కాదు. ఏడాది పాటు ఆగని యంత్రం మళ్లీ లేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఎవరో చేత్తో మొదలుపెట్టిన సేవ బూట్ జాబితాలో ఉండదు. ఎవరో మౌంట్ చేసిన డిస్కు, బూట్‌లో ఏవి మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఉండదు. బయటి నుంచి తెచ్చిన డ్రైవర్ కొత్త కెర్నల్‌కు కంపైల్ కాదు. మా ల్యాబ్‌లో జీపీయూ యంత్రాలకు ఇదే పెద్ద తలనొప్పి. బూట్ విభాగం పాత కెర్నళ్లతో నిండిపోయి, బూట్ మొదట్లో కావలసిన కొత్త ఇనిట్‌రామ్ ఫైల్ సగమే రాసి ఆగిపోవడం కూడా చూశాను. వీటిలో ఏదీ కెర్నల్ ప్యాచ్ తప్పు కాదు. ఏడాదిగా పేరుకున్నవన్నీ ఒకే రాత్రి బయటపడతాయి, నింద మాత్రం ప్యాచ్ మీద పడుతుంది.

అందుకే మేము నెలకు ఒక రాత్రి నిర్ణయించి, అవసరం ఉన్నా లేకపోయినా రీబూట్ చేస్తాం. నెలలో మారినవి కొన్నే కాబట్టి ఏదైనా చెడితే కారణం వెంటనే దొరుకుతుంది. మొదట ఎవరూ వాడని ఒక యంత్రం, మరునాడు రెండు, ఆ తరువాత మిగిలినవి. వెళ్లేముందు బూట్ విభాగంలో ఖాళీ చూస్తాం, రిమోట్ కన్సోల్ పాస్‌వర్డ్ పనిచేస్తోందో లేదో చూస్తాం. కొత్త కెర్నల్‌ను బూట్ మెనూ చూపే గ్రబ్‌లో ఒక్కసారికి మాత్రమే ఎంచుకుని బూట్ చేస్తాం. కెర్నల్ ప్యానిక్ అయితే, అంటే కుప్పకూలితే, కొన్ని సెకన్లకు దానంతట అదే రీబూట్ అయ్యేలా పెడితే, రెండోసారి పాత కెర్నల్‌తో లేస్తుంది. తెల్లవారుజామున కన్సోల్‌లో వరుసలు ఆగకుండా పైకి జరిగి లాగిన్ ప్రాంప్ట్ వచ్చేదాకా కుర్చీ వదలం. మొదట్లో నసిగిన అధ్యాపకులే ఇప్పుడు ఆ రాత్రికి తమ పనులు సర్దుకుంటున్నారు.

ఏ కారణం చేతనైనా ఈ వారం రీబూట్ కుదరదంటే, దారి మూసే ఉపాయం ఏదైనా ఉందేమో చూడండి. 2024లో దాడులకు వాడిన, కెర్నల్ ఫైర్‌వాల్ భాగమైన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లోని లోపం సీవీఈ-2024-1086 ఇందుకు ఉదాహరణ. సాధారణ యూజర్లు సొంతంగా యూజర్ నేమ్‌స్పేస్, అంటే లోపల తామే రూట్‌గా ఉండే విడి పరిధి, సృష్టించుకోగలిగితేనే ఆ దారి తెరుచుకుంటుంది. కెర్నల్ అమరికలు మార్చే సిస్‌సీటీఎల్‌లో దాన్ని నిలిపివేస్తే చాలామందికి అడ్డుకట్ట పడుతుంది. అయితే రూట్ లేకుండా నడిచే కంటైనర్లు, బ్రౌజర్ల రక్షణ గదులు కూడా దానిమీదే ఆధారపడతాయి కాబట్టి ముందు పరీక్షించి చూడండి. డర్టీ పైప్‌కు ఇలాంటి చిట్కా ఏదీ లేదు.

కంటైనర్ల సంగతికి వస్తే, అవి మీకు ఈ విషయంలో రక్షణ ఇవ్వవు. కంటైనర్‌కు సొంత కెర్నల్ ఉండదు, అన్నీ తమను నడిపే యంత్రం, అంటే హోస్ట్, కెర్నల్‌నే పంచుకుంటాయి. కంటైనర్‌కు మూసలాంటి ఇమేజ్‌ను ఎన్నిసార్లు కొత్తగా కట్టినా కెర్నల్ మారదు. డర్టీ పైప్‌లో ఇంకా ఘోరం, ఒకే ఇమేజ్ పొరను వాడే కంటైనర్లు ఒకే పేజీ క్యాష్‌ను చదువుతాయి. ఒకదాని లోపల మార్చిన ఫైల్ పక్కదానిలోనూ మారినట్టే కనిపిస్తుంది. కాబట్టి కంటైనర్ల జాబితాను పక్కన పెట్టి హోస్ట్‌ల జాబితా తీయండి. ఒక్కొక్కదానిలో యూనేమ్ ఇచ్చే వెర్షన్, ఆఖరి రీబూట్ తేదీ రాసుకోండి. ఆ పట్టికను పైవాళ్ల ముందు పెట్టి, మొదటి రీబూట్‌కు అన్నిటికన్నా తక్కువ ప్రాధాన్యం ఉన్న యంత్రాన్ని అడగండి. ఆ ఒక్కదానికి కాదనడం కష్టం. అది లేచేటప్పుడు ఎక్కడైనా ఇబ్బంది పడితే కన్సోల్‌లో కనిపించిన సందేశాన్ని ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.