హ్యాండిల్ ఎందుకు దాచుకున్నాడో ఆలోచించారా?

చెన్నై విల్లివాక్కం నుంచి ఒక పెద్దమనిషి ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 58. అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఐదేళ్లు పనిచేసి మొన్ననే రిటైరయ్యారు. పాత డీజిల్ ఇంజన్లను బాగుచేయడమంటే ఆయనకు ప్రాణం. వాటిని చూడటానికే రెండుసార్లు యూరప్ వెళ్లొచ్చారు. ఈ మే నెలలో ఇంగ్లండుకు బయల్దేరబోతుంటే, శ్రావణంలో కూతురి పెళ్లి పెట్టుకుని ఈ ఖర్చేమిటని భార్య అడ్డుపడుతున్నారట. "నా కష్టార్జితం. తాగుడు లేదు, పేకాట లేదు, ఉన్నది ఈ ఒక్క సరదా. మా ఆవిడను ఎలా ఒప్పించాలి?" అని ఆయన ప్రశ్న.

అయ్యా,

మీరు అడిగినదానికి ముందే జవాబు చెప్పేస్తాను. పెళ్లయ్యాక వెళ్లండి. మేలో వెళ్లాల్సినవారు సెప్టెంబరులో వెళ్తారు, అంతేగా. ప్రయాణానికి రెండు లక్షల ఎనభై వేలు అవుతుందన్నారు. పెళ్లి ఖర్చు ఎంత, చేతిలో ఉన్నది ఎంత, మిగిలేది ఎంత అని ఒక కాగితం మీద రాసి మీ ఆవిడ చేతికివ్వండి. ఆడపిల్ల పెళ్లి ముందు పెట్టుకున్న ఏ తల్లయినా అదే అడుగుతుంది. ఇందులో ఆవిడను ఒప్పించాల్సిన పనేమీ లేదు.

మీ సరదాను నేను తక్కువ చేయడం లేదు. నాలుగు ఆదివారాలు పుదుపేట పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగి ఒక నాజిల్ సంపాదించడం, అరిగిన లైనర్ తీయించి కొత్తది వేయించడం, పంపును కాలిబ్రేషన్‌కు ఇచ్చి దాని కోసం మూడు వారాలు ఆగడం, వీటన్నిటికీ చాలా ఓపిక కావాలి. మన చెన్నైలోనే తయారై, తర్వాత తయారీ ఆగిపోయిన ఎన్‌ఫీల్డ్ టారస్‌ను, ఆ 325 సీసీ డీజిల్ మోటారుసైకిలును, మీరు ఇప్పటికీ రోడ్డు మీద నడుపుతున్నారంటే నాకు గౌరవమే కలిగింది. రిటైరైన మగవాళ్లు ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం భార్య పనికి వంకలు పెడుతుంటే విసిగిపోయి నాకు రాసే ఆడవాళ్లు ఎందరో. చేతికి పని, మనసుకు ఇష్టం ఉన్న మనిషి ఇంట్లో ఉండటం అదృష్టం. మీ ఆవిడకూ ఆ సంగతి తెలుసని నేననుకుంటున్నాను.

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. నాలుగు పేజీలు. ఆగ్స్‌బర్గ్‌లో 1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజను మ్యూనిక్ మ్యూజియంలో ఉంటే, దాని ముందు గంటసేపు నిలబడిపోయానని రాశారు. కోపెన్‌హేగెన్‌లో 1932 నాటి ఎనిమిది సిలిండర్ల ఇంజను గురించి ఒక పేజీ రాశారు. 22,500 హార్స్ పవర్ అట, ముప్ఫై ఏళ్లపాటు ప్రపంచంలో దాన్ని మించిన డీజిల్ ఇంజను లేదట, కొన్ని ఆదివారాల్లో ఇప్పటికీ తిప్పి చూపిస్తారట. అది అందుకున్నప్పుడు కాళ్ల కింద నేల అదిరితే మీ కళ్లలో నీళ్లు తిరిగాయట. 1913లో ఓడలో ఇంగ్లండుకు వెళ్తూ రాత్రికి రాత్రి రుడాల్ఫ్ డీజిల్ మాయమైపోయిన సంగతికి, ఆయన భార్యాబిడ్డలకు మిగిలిన అప్పులకు ఎనిమిది లైన్లు.

మూడో పేజీ అడుగున ఒక్క లైనులో, "మా నాన్నగారి ఇంజను విషయంలోనే మా తమ్ముడికీ నాకూ నాలుగేళ్లుగా మాటల్లేవు, అది వేరే సంగతి" అని రాశారు.

అది వేరే సంగతి ఎలా అవుతుందండీ? మీ ఉత్తరం మొత్తానికి నాకు కనబడిన సంగతి అదొక్కటే.

మీరు రాసిన ముక్కల్నే ఒకచోట పెట్టి చూస్తాను. నాయుడుపేట దగ్గర పల్లె మీది. 1976లో మీ నాన్నగారు అప్పుచేసి రాజ్‌కోట్‌లో తయారైన, ఇంగ్లండు లిస్టర్ కంపెనీ నమూనా ఇంజను కొన్నారు. ఆరు హార్స్ పవర్, రెండు పెద్ద చక్రాలు, నిమిషానికి 650 చుట్లు. అది తోడిన నీళ్లతోనే మీ కయ్యలు పండాయి. దాన్ని స్టార్ట్ చేసే హ్యాండిల్ ఎలా తిప్పాలో అన్నదమ్ములిద్దరికీ నాన్నే నేర్పారు. 1983లో మీరు తరమణి పాలిటెక్నిక్‌లో చేరారు. అప్పటికి మీ తమ్ముడికి పన్నెండేళ్లు. మీరు మద్రాసు బండి ఎక్కిన మర్నాటి నుంచి ఆ హ్యాండిల్ ఎవరు తిప్పారు? మీరు రాయలేదు. కానీ మీ చదువుకు డబ్బు ఆ కయ్యల్లోంచే వచ్చింది కదా.

మా పెదనాన్నగారి బావి దగ్గరా అలాంటి ఇంజనే ఉండేది, అందుకే నాకది కళ్లకు కట్టినట్టుంది. తెల్లవారుజామున లాంతరు వెలుగులో పెదనాన్న లివరు ఎత్తి పట్టుకుంటే, మా అన్న రెండు కాళ్లూ ఎడంగా పెట్టి హ్యాండిల్ అందుకునేవాడు. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ బిగించకూడదు. ఇంజను వెనక్కి తన్నిందంటే వేలు విరుగుతుంది, ఒక్కోసారి మణికట్టే పోతుంది. రెండు చుట్లు, మూడు చుట్లు, నాలుగో చుట్టుకు లివరు దించగానే ఒక నల్లటి పొగ, టక్కుమని ఒక దెబ్బ, ఆ తర్వాత ఊరంతా వినబడే చప్పుడు. హ్యాండిల్ జారి చేతిలోకి వచ్చేసేది. దాన్ని గోడకు కొట్టిన మేకుకు తగిలించేవాళ్లు. మా అన్న అరచేతిలో కాయలు బియ్యపు గింజల్లా తగిలేవి. మీ తమ్ముడి చెయ్యి కూడా అలాగే ఉండి ఉంటుంది. ఎప్పుడైనా చూశారా?

కరెంటు మోటారు వచ్చింది. 2004లో ఉచిత కరెంటు కూడా వచ్చాక ఆ ఇంజనుతో ఎవరికీ పని లేకపోయింది, షెడ్డులో ఉండిపోయింది. నాన్నగారు పోయి ఏడాది తిరిగింది, సంవత్సరీకం అయింది. ఆ తర్వాత ఒకరోజు మీరు చెన్నై నుంచి ఇక్కడ కుట్టియానై అంటారే, ఆ చిన్న వ్యాను మాట్లాడుకుని, ఇద్దరు మనుషులతో, బరువులెత్తే చైన్ బ్లాకుతో వెళ్లారు. తమ్ముడు వేరుశనక్కాయలు అమ్మడానికి గూడూరు వెళ్లిన రోజు అది. "అమ్మతో చెప్పే తెచ్చాను" అంటున్నారు. ఎనభై రెండేళ్ల తల్లి పెద్దకొడుకుకు కాదని చెబుతుందా? సాయంత్రం అతను ఇంటికొచ్చి షెడ్డులోకి వెళ్తే, సిమెంటు దిమ్మ మీద నాలుగు బోల్టులు మాత్రం పైకి లేచి ఉన్నాయి. ఫోన్ చేసి, "అన్నా, అడిగుంటే ఇయ్యనా?" అని పెట్టేశాడు.

ఆ మాట ఉత్తరంలో రాసి, దాని కిందే మీరు "వాడికి దాని విలువ తెలియదు, పాత ఇనుము కింద అమ్మేసేవాడు" అన్నారు. ఏళ్ల తరబడి వాడకం లేకుండా పడున్నా అమ్మనివాడు, మీరు తీసుకెళ్లకపోతే అమ్మేసేవాడా? ఆ తర్వాత మీరు పదివేలు ఫోన్ పే చేశారు, అతను అదే రోజు తిప్పి పంపాడు. అందులో మీకు పొగరు కనబడింది. నాకైతే మర్యాద గల మనిషి కనబడ్డాడు. తండ్రి వస్తువుకు అన్న వెల కడితే తీసుకోలేకపోయాడు.

ఇక హ్యాండిల్. "ఇంజను తెచ్చిన రోజు హ్యాండిల్ కనబడలేదు. తర్వాత మా మరదలి ద్వారా తెలిసింది, వాడే ఇంట్లో దాచుకున్నాడని. వాడికి దాంతో ఏం పని? చివరికి లేత్ మీద కొత్తది చేయించుకున్నాను" అని రాశారు. చిన్నబుద్ధి అన్నారు. అయ్యా, మూడు క్వింటాళ్ల పైన బరువున్న ఇంజనును మీరు ఎత్తుకొచ్చేశారు. అతని చేతిలో మిగిలింది అతని చెయ్యి పట్టిన ఆ ఇనుప కడ్డీ ఒక్కటే. దాన్ని షెడ్డులో ఉంచకుండా ఇంట్లోకి తెచ్చి పెట్టుకున్నాడంటే ఎందుకో మీకు తట్టలేదా?

ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను, ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను. మా అమ్మ చివరి ఆరేళ్లు మా తమ్ముడి ఇంట్లోనే ఉంది. కర్మలు అయిపోయాక, గుర్తుగా ఉంటుందని, అమ్మ వాడిన ఇత్తడి చెంబు ఒకటి నా సంచీలో పెట్టుకుని వచ్చేశాను. అమ్మది కదా, నేను కూతుర్ని కదా అనుకున్నాను. మా మరదలు ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత ఫోన్లో "వదినా" అన్న పిలుపు తగ్గిపోయింది. రెండేళ్లకు గానీ నాకు తట్టలేదు, ఆ ఆరేళ్లూ అమ్మకు వేణ్ణీళ్లు పోసింది ఆ చెంబుతోనే అని. తీసుకెళ్లి ఇచ్చాను. చెంబు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిన మనిషి చాలాసేపు బయటికి రాలేదు.

పెద్దవాళ్లను కనిపెట్టుకుని ఇంట్లో ఉండిపోయినవారికి, బయటికెళ్లి బాగుపడినవాళ్ల కన్నా ఆ ఇంటి వస్తువుల మీద హక్కు ఎక్కువ. కాగితాల మీద వాటాలు సమానం కావచ్చు. నాన్నగారి మందులు, అమ్మ మోకాళ్లు, రాత్రిపూట ఆస్పత్రి పరుగులు మీ ఇద్దరి మధ్యా సమానంగా పంచుకోలేదుగా. ఇది నా నమ్మకం, ఎవరు కాదన్నా మార్చుకోను.

మీ ఆవిడ మాట కూడా ఒకటి రాశారు. "ఏ మొహం పెట్టుకుని పెళ్లి చేస్తారో నేనూ చూస్తా" అన్నారని, డబ్బు గురించి ఆవిడకు టెన్షన్ ఎక్కువైందని. డబ్బు గురించి మొహం మాట ఎందుకొస్తుందండీ? ఎదుర్కోలు దగ్గర పెళ్లికూతురి బాబాయి ఏడని మగపెళ్లివారు అడిగితే ఏం చెప్పాలన్నది ఆవిడ దిగులు. చిన్నకొడుకు రాని పెళ్లికి మీ అమ్మగారు వచ్చి పీట మీద కూర్చుని అక్షింతలు వేయగలరా? మీ ఆవిడ ఇవన్నీ ఆలోచించారు. మీరు వీసా గురించి ఆలోచించారు.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. శుభలేఖలు అచ్చు కాకముందే వెళ్లండి. మొదటి శుభలేఖ పట్టుకుని వెళ్తే బాగుంటుందని మీకెవరైనా చెబుతారు, వినకండి. కార్డుతో వెళ్తే పెళ్లికి మనుషులు తక్కువై వచ్చారనుకుంటాడు. డబ్బు తీసుకెళ్లకండి. మీ ఆవిడను మధ్యలో నిలబెట్టకండి, ఒక్కరే వెళ్లండి. అమ్మ, మరదలు వింటుండగా "అడక్కుండా తీసుకెళ్లాను, తప్పు చేశాను" అనండి. అక్కడితో ఆపండి. తుప్పు పడుతోందని, మీరు బాగుచేశారని, ఇప్పుడెంత బాగా నడుస్తోందో చూడమని ఫోన్ తీసి వీడియో చూపించకండి. ఇంగ్లండుకు నిన్నూ తీసుకెళ్తానని ఆశ కూడా పెట్టకండి.

ఆ తర్వాత ఇంజను ఎక్కడ ఉండాలో అతన్నే అడగండి. అడిగే ముందు మీ మనసును సిద్ధం చేసుకోండి, ఎందుకంటే అతను "తెచ్చి పెట్టు" అనవచ్చు. అంటే తెచ్చి పెట్టాల్సిందే. అదే కుట్టియానైలో, అదే దిమ్మ మీద, అవే నాలుగు బోల్టులకు బిగించాలి. మీరు రెండేళ్లు పడ్డ కష్టమంతా అక్కడ వదిలేసి రావాలి. అది చేయలేనంటే అసలు వెళ్లకండి, ఆ మనిషిని రెండోసారి బాధపెట్టొద్దు.

మొదటిసారే మాట్లాడతాడని అనుకోకండి. ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజను మొదటి చుట్టుకే అందుకోదని మీకు నేను చెప్పాలా? డీజిల్ లైన్లో చేరిన గాలి తీసి, మళ్లీ తిప్పి, మళ్లీ తీస్తారు కదా. ఆ ఓపిక మీకు ఉందని మీ ఉత్తరమే చెబుతోంది. మూడు ఆదివారాలు వెళ్లాల్సి వస్తే మూడు వెళ్లండి. పుదుపేటకు నాలుగు వెళ్లారుగా.

లిస్టర్ ఇంజన్లు పుట్టిన డర్స్‌లీని చూడాలన్న మీ కోరిక మంచిదే, సెప్టెంబరులో తప్పకుండా చూసి రండి. ముందు మీరు పుట్టిన ఊరికి వెళ్లండి. మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్‌లో సూళ్లూరుపేట లోకల్ రైలు ఎక్కితే అక్కణ్ణించి నాయుడుపేటకు బస్సులున్నాయి, పొద్దున బయల్దేరితే భోజనాల వేళకు ఇంట్లో ఉంటారు. హ్యాండిల్ సంగతి మీరు ఎత్తకండి. అది గోడకు తగిలించి కనబడినా చెయ్యి వేయకండి. కాళ్లు కడుక్కుని అమ్మ పక్కన కూర్చోండి. మీ మరదలు ఆకు వేసి పిలిస్తే, లేచి వెళ్లి తినండి.