చేతిపనీ, విహారయాత్రా: ప్రాథమిక పాఠశాలపై పాఠకుల ప్రశ్నలు

దసరా సెలవుల తరువాత బడులు తెరిచిన నాటి నుంచి సంక్రాంతి సెలవుల వరకు సాగే కాలం ప్రాథమిక పాఠశాలల్లో చార్టులతో, బొమ్మల తయారీతో, బాలల దినోత్సవంతో, విహారయాత్రలతో గడిచిపోతుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాటి గురించినవే కావడంతో, ఒకే సందేహం ఉన్నవాటిని ఒకచోట చేర్చి సమాధానమిస్తున్నాం.

ప్రశ్న: మా పాప మూడో తరగతి. ప్రతి శనివారం ఏదో ఒక ప్రాజెక్టు చేసి తెమ్మంటారు. శుక్రవారం రాత్రి నేనూ మావారూ కూర్చుని థర్మాకోల్ కోసి, రంగులు వేసి ముగించేసరికి పాప ఎప్పుడో నిద్రపోయి ఉంటుంది. మా వీధి చివర ఫ్యాన్సీ దుకాణంలో సౌరకుటుంబం, అగ్నిపర్వతం, పూరిల్లు అన్నీ తయారుగా అమ్ముతున్నారు. కొనేస్తే తప్పా? — ఒక తల్లి, తణుకు

సమాధానం: మీరు కొన్నా, నిద్ర మానుకుని చేసినా, పాప వరకు ఆ రెండింటికీ తేడా లేదు. రెండు సందర్భాల్లోనూ ఆమె చేసే పని ఆ వస్తువును జాగ్రత్తగా మోసుకెళ్లి టీచరుగారి బల్ల మీద పెట్టడమే. కాబట్టి కొనడం మీ నిద్రకు మంచిది. పాప సంగతి మాత్రం బడిలోనే తేలాలి.

2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ఏడాదికి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఉండాలని సూచించింది. మన రెండు రాష్ట్రాలూ ఆ ఆలోచనను చిన్న తరగతులకు కూడా తీసుకువచ్చి, శనివారాలను అందుకు ఎంచుకున్నాయి. ఆ రోజు పిల్లలు బడిలో, టీచర్ల కళ్లెదుట, తమ చేతులతో ఏదైనా చేయాలన్నది దాని ఉద్దేశం. ముందు రోజు రాత్రి తల్లిదండ్రులు చేసి పంపితే ఆ శనివారం వట్టి ప్రదర్శనగా మిగులుతుంది. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట నలుగురైదుగురు కలిసి చెప్పండి. ఒక్కరే చెబితే ఫిర్యాదులా వినిపిస్తుంది. "ఇంటి నుంచి వస్తువులు పంపుతాం, పని మాత్రం బడిలోనే చేయించండి" అని అడిగితే చాలామంది టీచర్లు ఊపిరి పీల్చుకుంటారు. థర్మాకోల్ నిండిన స్టాఫ్ రూమును శుభ్రం చేసుకునేది వారే.

ఏ వస్తువులు పంపాలంటే: ఖాళీ అగ్గిపెట్టెలు, సీసా మూతలు, చీపురు పుల్లలు, కొబ్బరి పీచు, పాత పెళ్లిపత్రికలు, గోధుమపిండితో ఉడికించిన జిగురు. అగ్గిపెట్టెతో ఎడ్లబండి చేసే పాపను ఒకసారి గమనించండి. సీసా మూతలను చక్రాలుగా పెట్టి, వాటికి పుల్లను ఇరుసుగా గుచ్చుతుంది. రంధ్రం సరిగ్గా నడిమధ్య పడదు, బండి కుంటుతుంది. పాప దాన్ని వెనక్కి లాగుతుంది, ముందుకు తోస్తుంది, పుల్లను పట్టుకుని మూతను తిప్పి చూస్తుంది, చివరికి మరో మూత తీసుకుని దాని మధ్యభాగం ఎక్కడో కాగితం మడిచి వెతుకుతుంది. ఆ కాసేపే అసలైన ప్రాజెక్టు. తరువాత తయారయ్యే బండి ఎంత వంకరగా ఉన్నా ఫరవాలేదు. ఆ వంకర బండికి మార్కులు తగ్గించే టీచరు ఉంటే మాత్రం సమావేశంలో ఆ విషయమే మొదట మాట్లాడాలి.

ప్రశ్న: మాది ఇద్దరు టీచర్ల బడి. ఒకటి నుంచి అయిదు తరగతుల వరకు కలిపి నలభై మందికి లోపే పిల్లలు. పట్నం బడుల పిల్లలు జూకూ, వాటర్ పార్కులకూ వెళుతున్నారని విని మావాళ్లు కూడా మారాం చేస్తున్నారు. బస్సుకు డబ్బు లేదు. ఈ టర్ములో ఏదైనా ఒక మంచి యాత్ర, దానికి తగిన చేతిపనులు సూచించగలరా? — ఒక ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు), నల్గొండ జిల్లా

సమాధానం: మీ జిల్లాలో ఉండి మీరు దూరం చూడనక్కరలేదు. మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో మగ్గం ఆడుతున్న ఇల్లు ఒకటైనా ఉండే అవకాశం ఎక్కువ. కాకపోతే పొరుగునే ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలో పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఉన్నాయి. పోచంపల్లికి వెళితే 1951 ఏప్రిల్‌లో వినోబా భావే భూదానోద్యమానికి బీజం పడిన చోటును కూడా చూపవచ్చు. అయితే చిన్న తరగతుల పిల్లలకు భూదానం కంటే మగ్గం ముఖ్యమని నా అభిప్రాయం. కాళ్లు గుంటలో ఉంచి నేత నేసే మనిషినీ, పక్కనే ఒళ్లంతా వంచి ఆసు పోస్తున్న అమ్మనూ చూసిన పిల్లలు ఇంటికి వెళ్లి రాత్రంతా దాని గురించే చెబుతారు.

ఆసు సంగతి తెలియని పాఠకుల కోసం కొంచెం వివరిస్తాను. చిటికి కట్టి, అంటే నూలును అక్కడక్కడ గట్టిగా బిగించి కట్టి రంగులు అద్దడానికి ముందు, పేక (బట్టలో అడ్డంగా నడిచే) నూలును అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ ఒక్కొక్క పోగుగా చుట్టాలి. ఒక చీరకు చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదపాలని లెక్క. తల్లి లక్ష్మి భుజం నొప్పితో ఆ పని చేయలేకపోవడం చూసి, పెద్దగా చదువు లేని చింతకింది మల్లేశం గారు ఏళ్ల తరబడి ప్రయత్నించి ఆ పనిని యంత్రంతో చేయించారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన మీ చుట్టుపక్కల మనిషే గనుక, పిల్లలకు ఇది ఎక్కడో దూరదేశపు శాస్త్రవేత్త కథలా అనిపించదు.

వెళ్లేముందు రోజు తరగతిలో ఒక పని చేయండి. గోడకు గానీ పాత బల్లకు గానీ అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టి, పిల్లలు ఒకరి తరువాత ఒకరు దారం చుట్టేలా చూడండి. యాభై సార్లు కాగానే భుజం పట్టుకుంటారు. అప్పుడు 9,000ను నల్లబల్ల మీద రాసి, యాభై చొప్పున ఎన్ని విడతలు అవుతాయో అయిదో తరగతి వారిని లెక్కకట్టమనండి. భాగహారం వద్దనే పిల్లవాడు కూడా ఆ లెక్క చేస్తాడు. ఒక్కొక్కరు నేతన్నను అడగదలచుకున్న ప్రశ్న ఒకటి నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఒకటి, రెండు తరగతుల పిల్లలు రాయనక్కరలేదు, చూసినదాంట్లో ఒక్క వస్తువు బొమ్మ గీసుకుని వస్తే చాలు.

మగ్గం గదిలో అందరూ ఒకేసారి పట్టరు. ఎనిమిది, పది మందిని లోపలికి పంపి, మిగిలినవారిని మీ తోటి టీచరుగారు అరుగు మీద కూర్చోబెట్టి నూలు కండెలు, రంగు అద్దిన చిటికి కట్లు చూపిస్తుండాలి. ఇలా వంతులవారీగా సాగితే అరగంటకు పైగా పడుతుంది. నేసేవారికి పని నష్టం జరుగుతుంది గనుక ముందు రోజే వెళ్లి అడగడం, వారికి వీలైన వేళకే రావడం, వెళ్లేటప్పుడు బడి తరఫున ఏదో ఒకటి ఇవ్వడం మర్యాద. పిల్లలు గీసిన బొమ్మల్లో మంచివి రెండు వారం తరువాత ఆ ఇంటికి ఇచ్చిరండి.

తిరిగి వచ్చాక చేయించదగిన పని చాలా ఉంది. అట్టముక్క రెండంచులకూ వేలెడంత దూరంలో గాట్లు పెట్టి, వాటిలోంచి దారం లాగి పడుగు (నిలువు పోగులు) కడితే చిన్న మగ్గం తయారవుతుంది. పాత చీర అంచుల పేలికలను పేకగా ఒకదాని కింద, ఒకదాని మీద దూర్చుకుంటూ పోతే అరచేతి వెడల్పు చాప నేయవచ్చు. ఒక వరుసలో కిందికి వెళ్లిన పేక తరువాతి వరుసలో పైకి రావాలన్న సంగతి మూడో తరగతి పిల్లలకు మొదట అర్థం కాదు. మీరు చెప్పకండి, నేత ఊడి వచ్చినప్పుడు వారే తెలుసుకుంటారు. చతురస్రాల లెక్కల పుస్తకంలో గడులకు రంగులు వేయించి పోచంపల్లి చీర అంచును గీయిస్తే, ఎడమవైపు ఉన్నదే కుడివైపు తిరగబడి రావడాన్ని గమనిస్తారు. రేఖాగణితంలో సౌష్ఠవం పాఠం వచ్చేనాటికి మీకు సగం పని తగ్గుతుంది.

యాత్ర రోజున మధ్యాహ్న భోజనం మానేయకండి. వంట చేసే అమ్మకు ముందుగా చెబితే పులిహోర వంటిది కట్టి ఇస్తారు. పై అధికారుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం నడిచి వెళ్లే యాత్రకైనా మంచిది.

ప్రశ్న: మా అబ్బాయి రెండో తరగతి, ప్రైవేటు బడి. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి రాత్రి పదింటికి చేరే ఒకరోజు యాత్ర ప్రకటించారు. అందులో బోటు షికారు కూడా ఉంది. పంపకపోతే వాడు బాధపడతాడు, పంపాలంటే మాకు భయం. పైగా బస్సులో వాంతులు చేసుకుంటాడు. — ఒక తండ్రి, గుంటూరు

సమాధానం: మీ భయం సబబైనదే. ఏడేళ్ల పిల్లలకు పదిహేడు గంటల యాత్ర అనవసరం, అందులో సగానికి పైగా బస్సు సీటులోనే గడిచిపోతుంది. బోటు విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. 2024 జనవరి 18న వడోదరలోని హర్నీ చెరువులో బడిపిల్లల విహారయాత్ర పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పడవలో పట్టవలసిన వారికంటే ఎక్కువ మందిని ఎక్కించారు. లైఫ్ జాకెట్లు అందరికీ లేవు. ఆ తరువాత కూడా ప్రాథమిక తరగతుల పిల్లలను బోటు ఎక్కించే బడి ఉంటే, అందుకు తల్లిదండ్రుల సంతకం తీసుకున్నామనడం జవాబు కాదు.

ప్రధానోపాధ్యాయులను కలిసి, బోటును తీసేయమనీ చీకటి పడకముందే తిరిగి రమ్మనీ అడగండి. ప్రతిసారీ బస్సు ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టేది ఎవరో, ఏ టీచరుకు ఏ పిల్లలను అప్పగించారో, పిల్లల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెడుతున్నారో లేదో, దారిలో ఆసుపత్రి అవసరమైతే ఏ బండిలో తీసుకువెళతారో కూడా కనుక్కోండి. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే బడి నమ్మదగినదే.

ప్రత్యామ్నాయం సూచించమంటే, మీకు చాలా దగ్గరలో ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులోని చెట్ల మీద శీతాకాలమంతా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని పిల్లలను పెంచుతాయి. గూడబాతు పిల్ల తల్లి నోటిసంచిలోకి తల మొత్తం దూర్చి చేపను తినడం చూస్తే రెండో తరగతి వారు బోటు సంగతి మరిచిపోతారు. ఉదయం బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి బడికి చేరవచ్చు.

వాంతుల విషయం: ప్రయాణానికి గంట ముందు ఇడ్లీ వంటి తేలికైన ఆహారం కొద్దిగా పెట్టి, ముందు వరుసలో కూర్చోబెట్టమని టీచరుగారికి చెప్పండి. దూరంగా ఉన్నవాటిని చూస్తూ ఉండాలి, బస్సులో చదవకూడదు. మాత్ర అవసరమైతే మీ డాక్టరును అడగండి.

ప్రశ్న: ఒకే రోజులో సాలార్‌జంగ్ మ్యూజియం, జూ, చార్మినార్, బిర్లా ప్లానిటోరియం చూపించాలనుకుంటున్నాం. నాలుగు, అయిదు తరగతుల పిల్లలు. వీలవుతుందా? — ఒక ప్రధానోపాధ్యాయురాలు, సంగారెడ్డి

సమాధానం: వీలవుతుంది గానీ పిల్లలకు గేట్లు తప్ప మరేమీ గుర్తుండదు. సాలార్‌జంగ్, చార్మినార్ దగ్గరదగ్గరగానే ఉన్నాయి గనుక ఆ రెండూ చాలు. మ్యూజియంకు శుక్రవారం సెలవు (జూకు సోమవారం). పన్నెండు గంటలకు ముందే సంగీత గడియారం ఎదుట కూర్చోబెట్టండి. లోపలి నుంచి చిన్న బొమ్మ వచ్చి పన్నెండు సార్లు గంట కొట్టే దాకా పిల్లలు కదలరు. తరువాత ఒకటి, రెండు గదులు చూపి బయటకు రండి. చార్మినార్ వద్ద పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు.

ప్రశ్న: బంకమట్టి, కాగితాలు, యాత్రలు అంటూ ఉంటే రెండో తరగతిలో చదువు ఎప్పుడు? యాత్రకు డబ్బు కట్టలేని పిల్లల మాటేమిటి? — ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: మొదటి ప్రశ్నకు చట్టమే జవాబు చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు పనులు చేస్తూ, అన్వేషిస్తూ నేర్చుకోవాలని పేర్కొంటుంది. ఒకటి నుంచి అయిదు తరగతులకు అదే చట్టం నిర్ణయించిన కనీస బోధన ఏడాదికి 200 రోజులు, 800 గంటలు. అందులో వారానికి రెండు గంటలు బంకమట్టికి ఇస్తే చదువు ఆగిపోదు. ముద్ద పిసికి వేళ్లలో పట్టు పెరిగిన పిల్లవాడు పెన్సిలు కూడా సరిగా పట్టుకుంటాడు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. డబ్బు కట్టలేక ఆగిపోయిన నలుగురు పిల్లలు ఆ రోజు ఖాళీ తరగతిలో కూర్చోవడం ఏ బడికీ తగదు. అందరినీ తీసుకెళ్లగలిగిన చోటికే వెళ్లాలి. ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉంటారు గనుక, యాత్ర ఖర్చు ఆ కమిటీలో తేలడం మంచిది.

ప్రశ్న: నాకు డెబ్బై దాటాయి. తాటాకుతో చిలకలు, గాలిమరలు, పెళ్లికూతురు పెళ్లికొడుకు బొమ్మలు చేయడం వచ్చు. మా మనవరాలి బడిలో నేర్పిస్తానంటే ఒప్పుకుంటారా? — ఒక తాతయ్య, పాలకొల్లు

సమాధానం: నిస్సంకోచంగా అడగండి, తాతగారూ. ప్రధానోపాధ్యాయులకు ముందుగా ఒక చిలకను చేసి తీసుకువెళ్లి చూపిస్తే వేరే మాట అక్కరలేదు. ఒక శనివారంలో ఒక బొమ్మనే నేర్పండి. గాలిమరతో మొదలుపెడితే ఆ పూటే పరిగెత్తి తిప్పుకోవచ్చు గనుక పిల్లలు వదలరు. ముదురు ఆకు అంచులు చిన్న వేళ్లను కోస్తాయి కాబట్టి మొవ్వాకు తీసుకువెళ్లండి. ఈనెలు ఇంటి దగ్గరే తీసేసి, ఒకే వెడల్పున చీల్చి, తడిగుడ్డలో చుట్టి ఉంచితే ఆకు విరగదు. బొమ్మల పెళ్లి మాత్రం నాలుగో శనివారానికి అట్టేపెట్టండి. పెళ్లిపత్రిక రాయడం, విందుకు పిలవడం, కట్నకానుకల లెక్క లేకుండా పెళ్లి జరిపించడం పిల్లలకే వదిలేయవచ్చు. చాకు మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.