వారానికి ఒకటి వేయాల్సిన మాత్ర రోజూ వేస్తే బాధ్యత ఎవరిది? – సమాధానం

తప్పు ఎక్కువగా ఆ మందుల కవరు మీదే జరిగి ఉంటుంది. కీళ్లవాతానికి డాక్టర్ మెథోట్రెక్సేట్ వారానికి ఒకటి రాస్తే, ప్రొద్దుటూరులో మందుల షాపతను కవరు మీద పెన్నుతో "1-0-0" (అంటే రోజూ పొద్దున ఒకటి) అని గీకాడు, అమ్మ రోజూ వేసుకుని నోరంతా పుండ్లు పడి, తెల్లకణాలు పడిపోయి ఆసుపత్రి పాలైంది అని మీరు అన్నారు. ఈ మందుతో జరిగే పొరపాటు దాదాపు ఇదే.

డాక్టర్ చీటీలో "వారానికి" అని స్పష్టంగా ఉంటే భారం షాపు మీద. రాత కోడి గెలికినట్టుంటే డాక్టర్ కూడా జవాబు చెప్పాలి. ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చండి. ఒక్కరినే పెడితే రెండోవాళ్ల మీదికి నెట్టేస్తారు.

1. కవరు, మిగిలిన స్ట్రిప్పు, చీటీ, బిల్లు దాచండి. షాపతను "స్ట్రిప్పు తెండి, డబ్బు వాపసు ఇస్తా" అంటాడు. ఇవ్వొద్దు, అన్నా.

2. అందరూ వదిలేసేది కేస్ షీటు, అంటే ఆసుపత్రివాళ్లు రోజూ రాసే చికిత్స రికార్డు. డిశ్చార్జ్ సమ్మరీ రెండు పేజీలు, దాంతో కేసు నిలవదు. రోజువారీ రక్తపరీక్షలు, ఏ మందు వల్ల ఇలా అయిందో డాక్టర్ రాసుకున్న మాట కేస్ షీటులోనే ఉంటాయి. నోటితో అడిగితే "రేపు రండి" అంటారు. కాగితం మీద రాసిచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి.

3. కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అమ్మ పేరుతోనే ఫిర్యాదు వేయండి. గడువు 2 ఏళ్లు. మందులకు, వైద్యానికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

4. షాపు మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు (మందుల షాపులను తనిఖీ చేసే అధికారి) విడిగా ఒక అర్జీ ఇవ్వండి.

పోలీసు కేసు జోలికి ఇప్పుడే పోవద్దు. డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలవాలంటే ఘోర నిర్లక్ష్యం చూపాలని 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది.