రాత్రి జ్వరం, పొద్దున సిరప్, పదకొండున్నరకి స్కూల్ నుంచి ఫోన్

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. పోయిన వారం ఒక రాత్రి 101 జ్వరం వచ్చింది. సిరప్ పట్టాక నిద్రపోయాడు. పొద్దున ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంటే మరో డోసు ఇచ్చి, తగ్గిందని చూసుకునే స్కూల్‌కు పంపాను. పదకొండున్నరకి ఫోన్ చేసి తీసుకెళ్లమన్నారు. వెళ్లేసరికి బ్యాగు తల కింద పెట్టుకుని బెంచీ మీద ముడుచుకుని పడుకున్నాడు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఇప్పుడు జ్వరం తగ్గి మూడు రోజులైంది కానీ దగ్గు, చీమిడి పోలేదు. పూర్తిగా తగ్గేదాకా పంపొద్దని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. మేమిద్దరం ఉద్యోగస్తులం, సెలవులు అయిపోతున్నాయి. పైగా ఆదివారం రాత్రి అయితే చాలు, కడుపు నొప్పి అంటాడు. అసలు ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు పంపాలి? – ఒక తల్లి

సమాధానం: అమ్మా, ముందు ఆ బెంచీ మీద పడుకున్న బాబు గురించే మాట్లాడుకుందాం. మీ బాధంతా అక్కడే ఉంది.

ఆ పొద్దున థర్మామీటర్ మీకు చూపించింది బాబు జ్వరం కాదు, సిరప్ పనితనం. పారాసిటమాల్ ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. ఏడింటికి పట్టారనుకుంటే పదకొండు, ఒంటిగంట మధ్య ఎప్పుడైనా జ్వరం మళ్లీ పైకి లేస్తుంది. లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంది కదా, మందు దాన్ని తగ్గించదు. ఒంటి వేడిని, నొప్పులను కాసేపు అణచి ఉంచుతుంది, అంతే. అందుకే మేం ఎప్పుడూ చెప్పేది ఒకటే: జ్వరం మందు వేయకుండా పూర్తిగా 24 గంటలు జ్వరం లేకుండా గడిచాకే స్కూల్. రాత్రి పన్నెండుకు జ్వరం ఉంటే మర్నాడు పంపే ప్రశ్నే లేదు. పొద్దున ఎంత హుషారుగా కనిపించినా సరే. మీరు కావాలని చేసిన తప్పు కాదిది. తగ్గిందని నమ్మే పంపారు. ఇకపై పొద్దున సిరప్ పట్టాల్సి వచ్చిందంటే, ఆ రోజు బడి లేదని అప్పుడే నిర్ణయించేసుకోండి.

జ్వరం అంటే 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకంటే ఎక్కువ. నుదుటి మీద చెయ్యి పెట్టి అంచనా వేయకండి. మన చేతులు చల్లగా ఉంటే పిల్లల ఒళ్లు ఎప్పుడూ వెచ్చగానే తోస్తుంది. డిజిటల్ థర్మామీటర్ చంకలో పెట్టి, బీప్ వచ్చేదాకా చెయ్యి దగ్గరికి పట్టుకోండి. చంకలో చూస్తే అసలు కంటే కొంచెం తక్కువే చూపిస్తుంది, కాబట్టి 99.5 దాటి ఉండి పిల్లాడు డల్‌గా ఉంటే ఆ రోజుకు ఇంట్లోనే ఉంచండి. సిరప్ ఎప్పుడూ వయసును బట్టి కాక బరువును బట్టి ఇవ్వాలి, ఒక్కో డోసుకు కిలోకు 15 మిల్లీగ్రాములు. రోజుకు నాలుగు డోసులు దాటకూడదు. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు జ్వరానికి వేయకండి.

అంకె ఒక్కటే చూసి నిర్ణయించకండి. పిల్లాడిని చూడండి. నా దగ్గరికి వచ్చే తల్లులకు నేను చెప్పే గుర్తు ఒకటుంది: పొద్దున సాక్స్ వేసుకునేటప్పుడు గమనించండి. మంచం అంచున కూర్చుని, ఒక సాక్స్ చేతిలో పట్టుకుని, దాన్ని వేసుకోవాలన్న ధ్యాసే లేకుండా గోడ వైపు చూస్తూ ఉండిపోయాడా? థర్మామీటర్ 98.6 చూపించినా ఆ పిల్లాడు క్లాసులో కూర్చోలేడు. అదే ముక్కు తుడుచుకుంటూనే షూ కోసం ఇల్లంతా వెతుకుతూ, చెల్లితో గొడవ పడుతూ ఉంటే నిశ్చింతగా పంపొచ్చు. క్లాసులో కూర్చుని, ఆడుకుని, తనంతట తాను తినగలడా అన్నది మొదటి ప్రశ్న. ఇతర పిల్లలకు అంటుకునేది ఏదైనా ఉందా అన్నది రెండోది.

ఇక దగ్గు, చీమిడి. ఈ వయసు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలే. ఒక్కోటి పది రోజులు ఉందనుకుంటే రెండు నెలలు, అంతకు పైన జలుబుతోనే గడుస్తాయి. ముక్కు కారిన ప్రతిసారీ ఆపుకుంటే ఏడాది చదువు సాగదు. జలుబు తగ్గాక దగ్గు మరో రెండు మూడు వారాలు ఉండొచ్చు. ఊపిరితిత్తుల్లో ఏదో మిగిలిపోయిందని కంగారు పడక్కర్లేదు. దగ్గు నాలుగు వారాలు దాటినా, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వకపోయినా, ఈల వేసినట్టు పిల్లికూతలు వచ్చినా చూపించండి. చీమిడి పచ్చగా మారిందని ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ పట్టే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. మామూలు వైరస్ జలుబులో కూడా మధ్యలో చీమిడి పచ్చబడుతుంది.

వాంతులు, విరేచనాల విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. చివరి వాంతి లేదా నీళ్ల విరేచనం అయ్యాక 48 గంటలు ఇంట్లోనే. పిల్లాడు తేరుకుని గంతులేస్తున్నా, వైరస్ ఇంకా బయటికి వస్తూనే ఉంటుంది. ఒక్కడితో మొదలైతే క్లాసు మొత్తానికి పాకుతుంది. శానిటైజర్ ఈ రకం వైరస్‌ల మీద సరిగా పనిచేయదు, సబ్బుతో చేతులు కడిగించాల్సిందే. ఓఆర్ఎస్‌ను చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. గ్లాసుడు ఒకేసారి తాగిస్తే మళ్లీ కక్కేస్తాడు.

ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పక్కులు కట్టాలి, సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. తట్టుకు దద్దుర్లు వచ్చినప్పటి నుంచి నాలుగు రోజులు, గవదబిళ్లలకు వాపు మొదలైనప్పటి నుంచి ఐదు రోజులు ఆపాలి. బ్యాక్టీరియా వల్ల గొంతు నొప్పి అని డాక్టర్ చెప్పి యాంటీబయాటిక్ మొదలుపెడితే, ఒక రోజు గడిచి జ్వరం కూడా లేకపోతే పంపొచ్చు. పేలు ఉన్నాయని మాత్రం బడి మానిపించకండి. ఆ సాయంత్రం మందు పెట్టి దువ్వితే చాలు.

ఆటలమ్మ, తట్టు లాంటివి వస్తే స్కూల్‌కు ఫోన్ చేసి చెప్పండి. దాచకండి. ఆ క్లాసులో క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్న పిల్లాడు ఉండొచ్చు, పాఠం చెప్పే టీచర్ గర్భిణి కావచ్చు. వాళ్లకు ఇవి ప్రాణం మీదికి తెస్తాయి. సమయానికి తెలిస్తే వాళ్ల డాక్టర్ చేయగలిగింది చాలా ఉంటుంది. ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. కాబట్టి మీరు పంపినందువల్లే ఎవరికో వచ్చిందని కుమిలిపోవద్దు. తెలిసిన వెంటనే చెప్పడం మీ చేతిలో ఉంది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే స్కూల్ సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి వేగంగా తీస్తూ డొక్కలు ఎగరేయడం, లేపినా సరిగా లేవకుండా మగతగా ఉండటం, ఫిట్స్, మెడ బిగుసుకుపోవడం, ఏదీ తాగలేకపోవడం, ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోవడం, ఆకుపచ్చ రంగు వాంతి, మలంలో రక్తం, గాజు గ్లాసుతో నొక్కినా రంగు మారని ఎర్ర మచ్చలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. జ్వరం మూడు రోజులు దాటితే చూపించాలి. జ్వరం తగ్గింది కానీ పిల్లాడు అంతకుముందు కంటే నీరసపడ్డాడు, కడుపు నొప్పి, వాంతులు అంటున్నాడంటే అది తగ్గడం కాదు. డెంగీలో అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది.

ఆదివారం రాత్రి కడుపు నొప్పిని నాటకం అనుకోకండి. పిల్లలకు భయం కడుపులోనే తెలుస్తుంది, ఆ నొప్పి నిజంగా ఉంటుంది. సెలవు రోజుల్లో లేకుండా బడికి ముందు మాత్రమే వస్తోందా, బొడ్డు చుట్టూ అని చూపిస్తున్నాడా, పెరుగుదల బాగుందా చూడండి. ఇవన్నీ అవును అయితే పెద్ద జబ్బు ఉండే అవకాశం తక్కువ. నొప్పితో నిద్రలోంచి లేస్తున్నా, బరువు తగ్గుతున్నా, కుడివైపు కింద నొప్పి ఉన్నా మాత్రం తీసుకురండి. ‘స్కూల్లో ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అనేసి ఊరుకుంటాడు. దానికి బదులు నిద్రపుచ్చేటప్పుడు లైటు తీసేసి, ‘పక్కన ఎవరు కూర్చుంటారు, బాత్రూమ్‌కి ఎప్పుడు వెళ్తావు’ అని అడగండి. బాత్రూమ్ బాగాలేదని పొద్దుటి నుంచి ఉగ్గబట్టుకునే పిల్లలను, పక్కవాడు గిల్లుతాడని చెప్పుకోలేని పిల్లలను నేను ఇలాగే తెలుసుకున్నాను.

మీ బాబుకు మందు లేకుండానే మూడు రోజులుగా జ్వరం లేకపోతే, తింటూ ఆడుకుంటూ ఉంటే, రేపు పంపండి. జేబులో ఒక రుమాలు, బ్యాగులో నీళ్ల బాటిల్ పెట్టి, మోచేతి మడతలోకి దగ్గడం ఒకసారి చేసి చూపించండి. ‘జ్వరం తగ్గింది, దగ్గు కొన్నాళ్లు ఉంటుంది, డల్‌గా ఉంటే ఫోన్ చేయండి’ అని డైరీలో టీచర్‌కు రెండు ముక్కలు రాసి, మీ ఇద్దరి నంబర్లూ కింద వేయండి.