బ్రేకౌట్ సరే, కార్డు బాకీ సంగతేంటి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కరీంనగర్‌లో ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి 62 వేలు, వడ్డీతో కలిపి ఖర్చు 45 వేలు. ఒక షేరు చాన్నాళ్లుగా అడ్డుపడిన 400 ధరను దాటి బ్రేకౌట్ ఇచ్చిందని, మూడు నెలల క్రితం మా ఆవిడ నగలు కుదువపెట్టి 12 శాతం వడ్డీకి 4 లక్షలు తెచ్చి, 412 దగ్గర 970 షేర్లు కొన్నాను. ఇప్పుడు 351. అసలైన బ్రేకౌట్‌ను గుర్తుపట్టేదెలా? బ్యాంకులో 38 వేలున్నాయి. నాన్నగారి కంటి ఆపరేషన్‌కు గీకిన క్రెడిట్ కార్డు బాకీ 85 వేలుంది, నెలనెలా మినిమమ్ కడుతున్నా.

జవాబు: మీ చివరి వాక్యం దగ్గరే ఆగిపోయాను. కంటి ఆపరేషన్ ముందుగా తెలిసే ఖర్చు. దానికే కార్డు గీకారంటే, రేపు ఉద్యోగం పోతే ఏం చేస్తారు? అత్యవసర నిధి లేకుండా నగలు తాకట్టు పెట్టి షేర్లు కొనడం ఈమధ్య చాలా ఇళ్లలో చూస్తున్నాను. ఒళ్లు మండుతోంది.

అడిగారు కాబట్టి చెబుతాను. నెలల తరబడి అడ్డుపడిన ధరకు పైనే ఆ రోజు షేరు ముగియాలి, మధ్యాహ్నం ఆ ధరను దాటి సాయంత్రానికి కిందికి దిగితే లెక్కలోకి రాదు. ఆ రోజు వాల్యూమ్, అంటే చేతులు మారిన షేర్ల సంఖ్య, మామూలుకు రెట్టింపైనా ఉండాలి. ఇవన్నీ కుదిరినా విఫలమయ్యేవి బోలెడు, అందుకే స్టాప్‌లాస్, అంటే ఈ ధరకు దిగితే అమ్మేయాలని ముందే పెట్టుకునే హద్దు. మీ షేరు 400 కిందికొచ్చిన రోజే ఆ కథ అయిపోయింది. అప్పుడే అమ్మితే పదిహేను వేలతో పోయేది, ఇప్పుడు 59 వేలు. ట్రేడర్‌లా కొని, దీర్ఘకాల మదుపరిలా పట్టుకుని కూర్చున్నారు. అదీ మొత్తం ఒకే షేరులో!

పైగా అప్పు లెక్క చూడండి. ఏడాదిలోపు అమ్మితే లాభంలో 20 శాతం పన్ను. అంటే 12 శాతం వడ్డీ కట్టడానికే షేరు 15 శాతం పెరగాలి. అప్పటికి మీకు మిగిలేది సున్నా.

351కే అమ్మేయండి. వచ్చే 3.40 లక్షల్లో ముందు 85 వేలు కార్డుకు కట్టండి, దాని వడ్డీ ఏడాదికి 40 శాతం దాకా పోతుంది. 2 లక్షలు నగల అప్పుకు జమ చేయండి. మిగిలిన 55 వేలు షేర్ల జోలికి పోకుండా ఎఫ్‌డీలో వేయండి. బ్యాంకులోని 38 వేలతో కలిపితే రెండు నెలల ఖర్చు అవుతుంది. మీకు కావాల్సింది ఆరు నెలలది, 2.70 లక్షలు. అది నిండేదాకా, నగలు ఇంటికొచ్చేదాకా చార్టులు తెరవొద్దు. కార్డు జేబులోంచి తీసి బీరువాలో పెట్టండి.

టర్మ్ పాలసీ (మనం పోతే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా), కంపెనీది కాకుండా సొంత ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. ఆ తర్వాత ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్ సూచీలోని షేర్లన్నీ కొనే ఫండ్) నెలనెలా కొంత వేసే సిప్ చాలు. బ్రేకౌట్ సరదా తీరకపోతే, అప్పు లేని రోజున మీ పెట్టుబడిలో 5 శాతం మించకుండా చూసుకోండి.

అన్నట్టు, ఐటీ రిటర్న్ గడువులోగా వేసి ఈ 59 వేల నష్టం చూపించండి. ఎనిమిదేళ్ల దాకా వచ్చే మూలధన లాభాల్లోంచి తీసేసుకోవచ్చు.