పోటీలో ఓడిన బొమ్మ టీషర్టు ఎక్కితే

ప్రశ్న: 2023 అక్టోబరులో ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా జరిగిన వర్చువల్ రియాలిటీ (హెడ్‌సెట్ కళ్లకు తగిలించుకుని గాలిలో గీసే) చిత్రలేఖన పోటీలో రామప్ప గుడిలోని మదనిక శిల్పాన్ని గీశాను. వ్యవధి 45 నిమిషాలు. ఇంకా 6 నిమిషాలు ఉందనగా నెట్ పోయింది. నన్ను అనర్హురాలిగా తేల్చి మెయిల్ పంపారు. నెలల తరబడి ఏడ్చాను. డిసెంబరులో నిర్వాహకులు అదే బొమ్మను టీషర్టుల మీద అచ్చు వేసి అమ్మకం మొదలుపెట్టారు, ఇంకా అమ్ముతున్నారు. పాత హెడ్‌సెట్‌ను షాపులో మార్పిడికి ఇచ్చేశాను, ఫైలు అందులోనే పోయింది. మళ్లీ గీసి పాత తేదీ పెడదామని అన్నయ్య అంటున్నాడు. అనర్హత రద్దు చేయించి, చీటింగ్ కేసు పెట్టవచ్చా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: మీ ఉత్తరం ఆరు పేజీలు. అందులో ఐదు పేజీలు మీకు జరిగిన అన్యాయం గురించి, న్యాయనిర్ణేతల పక్షపాతం గురించి. ఏ బొమ్మకు ఎన్ని మార్కులు రావాలో కోర్టు తేల్చదు. దాన్ని ఇక వదిలేయండి.

మీ కేసును నిలబెట్టేది మీరు చింపేయాలనుకున్న ఆ అనర్హత మెయిలే. మీరు జతచేసిన నియమాలలో 11వ అంశం ‘విజేతల చిత్రాలను’ పోటీ ప్రచారానికి వాడుకోవచ్చు అంటోంది. మీరు విజేత కారని వాళ్లే రాసిచ్చారు. పైగా టీషర్టుల అమ్మకం ప్రచారం కాదు, వ్యాపారం. అంటే మీ బొమ్మ వాడుకోవడానికి వాళ్లకు ఏ అనుమతీ లేదు. కాపీరైట్ చట్టం 1957లోని 19వ సెక్షన్ ప్రకారం, మీరు సంతకంతో రాసివ్వనిదే ఆ హక్కు వాళ్లకు బదిలీ కాదు. అనర్హతను రద్దు చేయమని అడిగితే మీ బలాన్ని మీరే కాలదన్నుకున్నట్లు. రామప్ప శిల్పం అందరిదీ కదా అన్న మీ భయం కూడా అక్కర్లేదు. 1213 నాటి శిల్పం ఎవరి సొత్తూ కాదు, కానీ దాన్ని మీరు గాలిలో గీసిన తీరు మీది.

ఇక సాక్ష్యం. అన్నయ్య చెప్పిన పని కలలో కూడా చేయకండి. కోర్టులో వాడటానికి దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. దొరకడం కూడా క్షణాల్లో పని. మీరు బొమ్మ గీయడానికి వాడిన ఓపెన్ బ్రష్ అనే సాఫ్ట్‌వేర్ ఫైలులో బొమ్మ ఒక్కటే ఉండదు. ప్రతి గీత ఏ వరుసలో పడింది, చెయ్యి ఏ క్షణంలో ఎక్కడుంది అన్నదీ నమోదవుతుంది. అందెల దగ్గర మీ చెయ్యి వణికి ఒక గీత చెరిపి మళ్లీ గీశారని రాశారు. ప్రసారం రికార్డింగులో ఆ వణుకు ఉంది. ఇప్పుడు కూర్చుని ప్రతి గీతనూ అదే వరుసలో, అదే వేగంతో గీయడం ఎవరి తరమూ కాదు. తేడా బయటపడితే నిజమైన కేసు కూడా దానితోపాటే మునుగుతుంది.

అసలు ఫైలు పోలేదు కూడా! నాలుగో పేజీలో మాటవరసకు ఒక వాక్యం రాశారు: ఆ రాత్రే కాజీపేటలోని మీ డ్రాయింగ్ మాస్టారికి ఫైలు మెయిల్ చేశానని. అంత విలువైన దాన్ని మరిచిపోయి ఇన్నాళ్లు ఊరుకోవడం ఏమిటమ్మా? రేపే ఆయన దగ్గరకు వెళ్లండి. మెయిల్ చెరిపేయవద్దని, వాట్సాప్‌లో పంపవద్దని చెప్పండి. ఆయన కంప్యూటర్‌లోకే నేరుగా దించుకుని, భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం తీసుకోండి. అందులో ఒక భాగం మీద మాస్టారు, రెండో భాగం మీద నిపుణుడు సంతకం చేయాలి. ఫైలు హాష్ విలువ (ఫైలు మారితే తానూ మారిపోయే, వేలిముద్ర లాంటి సంకేతం) అందులో రాయాలి. ఆ ధ్రువపత్రం లేకుండా ఎలక్ట్రానిక్ ప్రతిని కోర్టు చూడదని సుప్రీంకోర్టు 2020లో పాత చట్టం కింద తేల్చింది. కొత్త చట్టంలోనూ ఆ షరతు అలాగే ఉంది.

ఆ టీషర్టు ఒకటి మీరే కొనండి. బిల్లు, పార్సిల్ కవరు దాచండి. అమ్మకపు పేజీని తేదీ కనిపించేలా ప్రింటు తీయండి.

గడువు విషయంలో మీ నిర్లక్ష్యం క్షమించరానిది. ప్రవేశ రుసుము కోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి ఉన్న రెండేళ్లు 2025 అక్టోబరుతోనే అయిపోయాయి. కాపీరైట్ ఉల్లంఘనపై దావాకు గడువు, ఉల్లంఘన జరిగిన నాటినుంచి మూడేళ్లు. 2023 డిసెంబరు అమ్మకాలకు 2026 డిసెంబరే హద్దు. ఆ తరువాతి అమ్మకాలకు గడువు వేరుగా నడుస్తుంది కానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

చీటింగ్ కేసు నిలవదు. మోసం చేయాలన్న ఉద్దేశం మొదటినుంచీ ఉందని మీరు చూపలేరు. ముందు లీగల్ నోటీసు ఇవ్వండి: అమ్మకం ఆపాలి, లెక్క చెప్పాలి, లాభం ఇవ్వాలి. 15 రోజుల్లో జవాబు రాకపోతే నిషేధ ఉత్తర్వుకు, నష్టపరిహారానికి దావా వేయండి. నిర్వాహకులు బెంగళూరులో ఉన్నారని భయపడకండి. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కోర్టులోనే వేయవచ్చు. దావా విలువ మూడు లక్షలు లేదా అంతకు మించి ఉండి, తక్షణ ఉత్తర్వు కోరకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. మీరు తక్షణ నిషేధం కోరుతున్నారు కాబట్టి ఆ సంగతి దావాలో స్పష్టంగా రాయించండి.

ఖర్చుకు వెనకాడుతున్నానని రాశారు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. వెళ్లేటప్పుడు అనర్హత మెయిల్ ప్రింటు పైన పెట్టుకుని వెళ్లండి.