లిథియం మాత్రలు ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుంది? 2007 నుంచి వాడుతున్న నా జవాబు

మీరడిగింది ఇది: "మా తమ్ముడికి 26 ఏళ్ళు. బైపోలార్ అని చెప్పి లిథియం మొదలుపెట్టారు. చాలా ఏళ్ళు వాడాలంటున్నారు. ఇలాంటి మందులు అన్నేళ్ళు వాడితే ఒళ్ళు పాడవదా? బయట ఎవరికీ తెలియకుండా వాడించి, నయం కాగానే మానిపించేయొచ్చా?"

నాదీ అదే జబ్బు, మనసు కొన్నాళ్ళు ఉన్మాదపు ఉత్సాహంలోకీ కొన్నాళ్ళు దిగులులోకీ ఊగే బైపోలార్. నేను 2007 నుంచి లిథియం వాడుతున్నాను. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఒకసారి నేనే ఆపాను, ఇంకోసారి ఆసుపత్రి వాళ్ళు ఆపారు. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పెళ్ళయింది, ఒక పాప.

ముందు ఒంటి సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే నాకు అసలు బాధ మీ ప్రశ్నలోని రెండో సగంతోనే. దాహం బాగా వేస్తుంది. క్లాసుకి వెళ్తే చాక్‌పీసు కంటే ముందు నీళ్ళ సీసా పట్టుకెళ్తాను. చేతులు సన్నగా వణుకుతాయి. బోర్డు మీద రాసేటప్పుడు తెలియదు కానీ, నిండు కప్పుతో టీ అందించాలంటే తెలుస్తుంది. తొమ్మిది కిలోలు బరువు పెరిగాను. నాలుగో ఏడు థైరాయిడ్ మందగించింది. లిథియం వాడేవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఇది మామూలే. పొద్దున్నే పరగడుపున దానికో మాత్ర వేసుకుంటాను. కొందరికి ఏళ్ళు గడిచేకొద్దీ మూత్రపిండాల మీద ప్రభావం పడుతుంది. అందుకే ఆరు నెలలకోసారి రక్తంలో లిథియం ఎంతుందో, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, కాల్షియం చూపించుకుంటాను. ఇంతకాలం నిద్రపోయాను, ఉద్యోగం చేశాను, పాపని పెంచుకున్నాను. మాత్ర లేని నేనెలా ఉంటానో ఒకసారి చూశాను కాబట్టి, ఈ దాహమూ వణుకూ నాకు పెద్ద ఖరీదుగా అనిపించవు.

ఇప్పుడు "ఎవరికీ తెలియకుండా" అన్న మాట దగ్గరికి వస్తాను.

మా పెళ్ళి 2010లో. పెళ్ళిచూపులకు ముందే నాన్న మా ఆయన్ని విడిగా కూర్చోబెట్టి నా జబ్బు గురించి, మందు గురించి అంతా చెప్పేశారు. ఆయన సరేనన్నారు. "మా అమ్మావాళ్ళకి మాత్రం వద్దండీ, అర్థం చేసుకోలేరు" అన్నారు. అక్కడ మొదలైంది. ఉమ్మడి కాపురం, ఆరుగురం, రెండు గదులు. మాత్రలు ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరి చేతికి తగులుతాయి. ఏడాది తిరిగేసరికి ఎలాగూ బాగానే ఉన్నాను కదా అని మానేశాను. మూడో నెలకల్లా నిద్ర పట్టడం మానేసింది. తెల్లవారుజామున మూడింటికి లేచి అటక మీద ఇత్తడి సామానంతా దించి చింతపండు పెట్టి తోమేదాన్ని. బజారులో అరువు మీద చీరలు తెచ్చి వీధిలో పంచాను. "నరాల బలహీనత" అని చెప్పి అమ్మావాళ్ళు పుట్టింటికి తీసుకెళ్ళి రెండు నెలలు ఉంచుకున్నారు. మీరడిగిన "నయం కాగానే మానిపించడం" అంటే ఇదే. ఉన్నపళాన మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఎప్పటికైనా తగ్గించాలన్నా డాక్టరు చెప్పిన లెక్కన నెలల మీద మెల్లగా తగ్గించాలి.

తిరిగొచ్చాక పద్ధతిగా దాచడం నేర్చుకున్నాను. థైరాయిడ్ మాత్రల డబ్బా ఫ్రిజ్ మీద అందరికీ కనపడేలా ఉండేది. లిథియం బీరువాలో పట్టుచీరల అడుగున ఉండేది. ఆ థైరాయిడ్ వచ్చిందే ఈ లిథియం వల్ల. వచ్చినదాన్ని చూపించి తెచ్చినదాన్ని దాచుకున్నాను, ఏళ్ళ తరబడి. అత్తయ్య రోజూ పొద్దున "మాత్ర వేసుకున్నావా అమ్మాయ్" అని అడిగేది, థైరాయిడ్ గురించి. రాత్రి మాత్ర గురించి అడిగేవాళ్ళు లేరు.

2019 మే నెల. వేసవి సెలవులకి మా ఆయన హైదరాబాదులో ఉద్యోగంలో ఉండిపోయారు, నేనూ పాపా ఊళ్ళో అత్తయ్య దగ్గర. ఆ ఏడు అత్తయ్యకి బీపీ ఎక్కువుందని తేలింది. ఆవిడ టీవీలో ప్రకృతి వైద్యం వాళ్ళ మాటలు విని ఉప్పు లేని వంట మొదలుపెట్టింది. ఒక్కదానికి వేరే వండుకోవడమెందుకని ఇంటిల్లిపాదికీ అదే. కూరల్లో ఉప్పుకి బదులు నిమ్మరసం, కొబ్బరి కోరు, నువ్వుల పొడి. నాకూ నచ్చింది, బరువు తగ్గుతానని. మూడు వారాలు అలా తిన్నాం. ఆ మూడో వారంలోనే ఆవకాయ. రెండొందల కాయ కొట్టి, తుడిచి, జీళ్ళు తీసి, కారం ఆవపిండి కలిపేసరికి నాకు నడుం పట్టేసింది. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే ఒక సూది పొడిచి, డైక్లోఫెనాక్ మాత్రలు ఐదు రోజులకి ఇచ్చాడు. "వేరే ఏమన్నా వాడుతున్నావా అమ్మా" అని అతను అడగనే అడిగాడు. పక్కన మా తోడికోడలు ఉంది. "థైరాయిడ్ ఒక్కటే" అన్నాను.

నాలుగో రోజుకి విరేచనాలు పట్టుకున్నాయి. బయట ఎండ మాడ్చేస్తోంది, అందరూ వడదెబ్బ అన్నారు. అత్తయ్య బార్లీ నీళ్ళు ఇచ్చింది, అందులోనూ ఉప్పు లేదు. సాయంత్రానికి వాంతులు. చేతుల వణుకు నాకు అలవాటున్న సన్నటి వణుకు కాదు, మజ్జిగ గ్లాసు పట్టుకుంటే ఒలికిపోయేంత ఊగుడు. లేచి నడిస్తే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నాలుక మందంగా అయిపోయి మాట ముద్దగా వస్తోంది. పక్కింటావిడ వచ్చి అత్తయ్య చెవిలో ఏదో అంది. ఏమందో తర్వాత తెలిసింది: "తాగిందా ఏంటి" అని.

రాత్రి అత్తయ్య దిష్టి తీసింది. గుప్పెడు కల్లుప్పు, ఎండుమిరపకాయలు తల చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. నా మీద ప్రేమతోనే చేసింది. మూడు వారాలుగా ఒంట్లోకి పోని ఉప్పు అలా తల చుట్టూ తిరిగి నిప్పుల్లో పడి చిటపటమనడం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది, ఏడుపొస్తుంది. అప్పుడు మా ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

తెల్లారి మరిది కారులో గుంటూరు తీసుకెళ్ళాడు. క్యాజువాలిటీలో డాక్టరమ్మ అడిగిన రెండో ప్రశ్న: "రోజూ వాడే మందులేమన్నా ఉన్నాయా?" మరిది "థైరాయిడ్ ఒక్కటేనండీ" అన్నాడు. అతనికి తెలిసింది అంతే. ఆవిడ నమ్మినట్టు లేదు, భర్తకి ఫోన్ చేసి కనుక్కోమంది. మరిది ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టాడు. మా ఆయన గొంతు స్ట్రెచర్ మీద ఉన్న నాకు స్పష్టంగా వినపడింది.

"థైరాయిడ్ ఒక్కటేరా."

చెప్దామంటే నాలుక తిరగలేదు. "లి" అన్నాను, "లి" అన్నాను. మరిది వంగి "నీళ్ళా వదినా?" అన్నాడు. పక్షవాతమేమోనని తలకి స్కానింగ్ రాశారు. నన్ను తోసుకుపోతుండగా మళ్ళీ ఫోన్ మోగింది. మధ్యలో ఇరవై నిమిషాలు పోయాయి. "లిథియం అని చెప్పు. రాత్రిపూట వేసుకుంటుంది. పన్నెండేళ్ళ నుంచి." మరిదికి అర్థం కాక రెండుసార్లు చెప్పించుకున్నాడు. డాక్టరమ్మకి మాత్రం ఒక్కసారే సరిపోయింది. రక్తం తీసి పంపితే లిథియం 2.4 వచ్చింది. నాకెప్పుడూ 0.7 దగ్గర ఉండేది. 1.5 దాటితే ప్రమాదం. సెలైన్లు ఎక్కించారు, లిథియం ఆపేశారు, డయాలసిస్ అవసరం పడొచ్చని కిడ్నీ డాక్టరుని సిద్ధంగా ఉండమన్నారు. అవసరం పడలేదు. నాలుగో రోజుకి మాట తిన్నగా వచ్చింది.

మా ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. నా మంచం పక్కన కూర్చుని "నోటికి అలవాటైపోయిందే" అన్నారు. ఆ ఒక్క మాటకే నాకు భయమేసింది. ఆయన ఆలోచించి దాచలేదు. తొమ్మిదేళ్ళ అలవాటు ఆ నిమిషంలో ఆయన కంటే ముందు మాట్లాడేసింది.

అసలు జరిగిందేమిటో మా డాక్టరు గారు తర్వాత వివరించారు. మూత్రపిండాలకి ఉప్పులో ఉండే సోడియానికీ లిథియానికీ పెద్ద తేడా తెలియదు. ఒంట్లో ఉప్పు తగ్గితే ఉన్నదాన్ని పోనివ్వకుండా పట్టుకుంటాయి, దాంతోపాటు లిథియాన్నీ పట్టేసుకుంటాయి. చెమట, విరేచనాలు పట్టి నీళ్ళు పోతే ఇంకా ఎక్కువ. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు లిథియం బయటికి పోయే దారిని ఇరుకు చేస్తాయి. కొన్ని బీపీ మాత్రలూ అంతే. నేను ఆ వారంలో అన్నీ కలిపి చేశాను. మాత్ర మాత్రం ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోలేదు.

ఇది కొత్త సంగతి కూడా కాదు, అందుకే నాకు ఇంత కోపం. 1940ల చివర్లో అమెరికాలో ఉప్పు మానాల్సిన గుండె జబ్బు, బీపీ రోగులకి ఉప్పుకి బదులుగా లిథియం క్లోరైడ్ అమ్మారు. అసలే ఉప్పు తినని ఒళ్ళు, అందులో ఎంత పడితే అంత లిథియం. కొందరు చచ్చిపోయారు, 1949లో దాన్ని బజారు నుంచి తీయించేశారు. అదే ఏడు ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఉన్మాద స్థితిలో ఉన్న రోగులకి లిథియం ఇచ్చి ఫలితాలు ప్రచురించాడు. ఆ భయం వదలకనే అమెరికాలో ఈ మందుకి అనుమతి రావడానికి 1970 దాకా పట్టింది. అంటే లిథియానికీ ఉప్పుకీ ఉన్న సంబంధం అప్పటి నుంచే తెలుసు. మరి పన్నెండేళ్ళు మందు రాసినవాళ్ళలో ఒక్కరైనా "ఉప్పు ఉన్నట్టుండి మానకమ్మా" అని తెలుగులో ఎందుకు చెప్పలేదు? మాత్రల పెట్టెలో కాగితం ఉంటుంది, చీమతలకాయంత అక్షరాలు, అంతా ఇంగ్లీషు. టీవీలో ఉప్పు మానమనే పెద్దలు "కొన్ని మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి మానండి" అని ఒక్క ముక్క కలిపితే వాళ్ళ సొమ్మేం పోతుంది? మెడికల్ షాపుల్లో నొప్పి మాత్రలు పిప్పరమెంట్లు ఇచ్చినట్టు చేతిలో పోస్తారు. అదే షాపులో లిథియం అడిగితే చీటీని ఒకసారి, మనిషిని రెండుసార్లు చూస్తారు.

ఆ చూపుకి భయపడే మనం దాస్తాం. సినిమాల్లో ఇప్పటికీ ఎర్రగడ్డ పేరెత్తితే నవ్వాలన్నట్టే రాస్తారు. అక్కడ మంచాల మీద ఉన్నవాళ్ళ ఇంటివాళ్ళు కూడా ఆ హాల్లో కూర్చుని ఉంటారని ఆలోచించరు. ఆరోగ్య బీమా చేయించుకుందామని వెళ్తే ఏజెంటు "ఆ జబ్బు సంగతి రాయకండి మేడమ్, లేదు అని టిక్ పెట్టేయండి" అని సలహా ఇచ్చాడు. ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మనసు జబ్బులకీ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రాసే ఉంది. అయినా ఏజెంటు బీమా కాగితం ముందు కూర్చుని దాచమంటాడు. నేను రాయించాను. మందుల వల్ల పాడైన వాళ్ళకంటే మందు దాచడం వల్ల పాడైన వాళ్ళే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంట్లో తెలిశాక అంతా బాగైపోయిందని చెప్పను. అత్తయ్య రెండు నెలలు నాతో మాట్లాడలేదు. జబ్బు గురించి కాదు ఆవిడ బాధ. "తొమ్మిదేళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికాం, నన్ను పరాయిదాన్ని చేశారు" అని మరిదితో అందట. నాకు జవాబు లేదు. కానీ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచే నా కూర విడిగా తీసి ఉప్పు వేయడం మొదలుపెట్టింది, మాట్లాడకుండానే. ఆడపడుచు మాత్రం వాళ్ళ పిల్లని మా ఇంట్లో రాత్రి పడుకోనివ్వదు. అది నన్ను ఇప్పటికీ కోస్తుంది.

మళ్ళీ లిథియం మొదలుపెట్టాం, కాస్త తక్కువ మోతాదులో. ఇప్పుడు రెండు డబ్బాలూ ఫ్రిజ్ మీదే. తలుపుకి ఒక కాగితం అంటించాను, పెద్ద అక్షరాల్లో, తెలుగులో: మందు పేరు, మోతాదు, డాక్టరు నంబరు, కింద "వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట ముద్దగా రావడం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఈ కాగితం చూపించండి". చదువుకున్న మా పాప ఒక్కతే కాదు, పనిమనిషికి కూడా అది ఏమిటో తెలుసు.

మీ తమ్ముడి విషయానికొస్తే, ఊరంతా చాటింపు వేయమనడం లేదు. అతనితో ఒకే కప్పు కింద పడుకునే ప్రతి మనిషికీ తెలియాలి, రేపు పెళ్ళంటే ఆ అమ్మాయికీ, ఆమె కాపురం చేసే ఇంటికీ. ఉప్పు ఎక్కువ తినక్కర్లేదు, రోజూ తినేంతే ఒకేలా తినమనండి. పథ్యాలు, కటిక ఉపవాసాలు, కొత్త బీపీ మాత్ర, ఏది మొదలుపెట్టినా ముందు డాక్టర్ని అడగాలి. నొప్పికి పారాసెటమాల్ వరకే నాకు అనుమతి, అతనికేదో అతని డాక్టర్ని అడగండి. వేళకాని వేళ ఎవరూ దొరక్కపోతే మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. వాంతులూ తూలుడూ మొదలైతే మాత్రం ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు, ఆసుపత్రికే.

ఇంకొకటి, ల్యాబుల్లో దీన్ని పట్టించుకోరు. లిథియం పరీక్షకి రక్తం రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి తీయాలి. తొమ్మిదింటికి వేసుకుంటే పొద్దున తొమ్మిదింటికి. పొద్దుటి మాత్ర కూడా ఉంటే అది రక్తం ఇచ్చాకే. మాత్ర వేసుకున్న టైము చీటీ మీద రాసి ఇవ్వండి.